గులాబీ దుప్పటి, నీలి ముత్యాలు

"ఇవాళ ఏదో ఒకటి జరుగుతుంది, చూస్తూ ఉండండి. ఆ పట్టుదారం పుటుక్కున తెగుతుంది. ముత్యాలన్నీ మెట్ల మీద దొర్లుకుంటూ పోయి వీధి కాలవలో పడతాయి. అవి ఏరడానికి వంగిన మన కోడలి మీదకి ఏదో బండి వచ్చి పడుతుంది. నేను చెబుతున్నాను."

మా ఆయన అద్దం ముందు బుగ్గ ఒక పక్కకి లాగిపెట్టి గడ్డం గీసుకుంటున్నారు. "దారం తెగడం వరకూ ఒప్పుకుంటాను. మన మెట్లు మధ్యలో మలుపు తిరిగి ఉన్నాయి కదా, ముత్యాలు మలుపెలా తిరుగుతాయే?" అన్నారు.

"తిరుగుతాయి. మన రాత అలాంటిది."

"నువ్వు జరుగుతాయన్నవన్నీ జరిగుంటే నేను ఈపాటికి ఎన్నిసార్లు పోయుండాలి! మొన్న చేపముల్లుతో ఒకసారి, అంతకుముందు ఫ్యాను ఊడిపడి ఒకసారి."

"నవ్వండి. నవ్వేవాళ్ళకేం, ఎన్నయినా నవ్వొచ్చు."

మా సంగతులు ఎక్కడిదాకా వచ్చాయో ఒక్కసారి గుర్తుచేస్తే గానీ నా భయం ఎవరికీ అర్థం కాదు. కింద ముత్యాల షాపు. దాని మీద మా పనిగది. పనిగది కిటికీకి ఎదురుగా డాబా, డాబా అవతల మేం ఉండే రెండు గదులూ వంటిల్లూ. ఆ పనిగదిలో నేనూ, మా అమ్మాయీ, మా కోడలూ ముత్యాలు గుచ్చుతాం. మా అమ్మాయి పుట్టినప్పుడు పిడికెడంత ఉందని అందరూ పిట్ట పిట్ట అన్నారు, ఆ పేరే ఉండిపోయింది. మనిషి పెరిగింది, మూతి మాత్రం ఇప్పటికీ ముక్కులాగే ముందుకు పొడుచుకొస్తుంది, ముఖ్యంగా వాళ్ళ వదిన ఎదురుగా ఉన్నప్పుడు. మా అబ్బాయి బస్సు నడుపుతాడు. వాడు ఇల్లు చేరేదాకా నా ప్రాణం ఆ బస్సు చక్రాల కిందే ఉంటుంది, అది వేరే సంగతి.

పనిగదిలో కిటికీ పక్కన ఒక కుర్చీ ఉంది. ముత్యాల రంగు చూసి, దేని పక్కన ఏది కూర్చోవాలో తేల్చే మనిషి కుర్చీ అది. చాలాకాలం దాంట్లో ఒక పెద్దావిడ కూర్చునేది. ఆవిడ పక్కన స్టూలు వేసుకుని మా పిట్ట కూర్చునేది. ఆవిడకి చూపు మందగించి మానేశాక, ఆ కుర్చీ ఇక పిట్టదే అని మేమంతా అనుకున్నాం. పిట్ట అయితే దానికి దిండు కూడా కుట్టుకుంది. పోయిన వారం షాపు యజమానురాలు, ఆవిడని మేమంతా మేడం అంటాం, ఒక కాగితం పొట్లం పట్టుకుని పైకి వచ్చింది. పిట్టని దాటుకుని వెళ్ళి మా కోడలి ముందు ఆ పొట్లం పెట్టి, "నువ్వు కూర్చో కిటికీ దగ్గర" అంది. పిట్ట లేచి తన దిండు తీసుకుని ఇంట్లోకి వెళ్ళిపోయింది. ఆ పూట ముద్ద ముట్టలేదు.

ఆ పొట్లంలో ఉన్నవి వియత్నాం ముత్యాలు. ఉప్పునీళ్ళలో, ముత్యపు చిప్పల్లో పెంచినవి. ముత్యమంటే తెల్లగానే ఉండాలనుకునే దాన్ని నేను. మా చేతికొచ్చే తెల్లవన్నీ మందునీళ్ళలో నానబెట్టి తెలుపు తేల్చినవే, పైన కాస్త గులాబీ ఛాయ పట్టించినవే. అందుకే బడికెళ్ళే పిల్లల వరసలా అన్నీ ఒక్కలాగే ఉంటాయి. ఇవి అలా కాదు. మందు తగల్లేదు, రంగు వెయ్యలేదు. చిప్ప ఏ రంగు ఇస్తే ఆ రంగు. ఒకటి వాన పడేముందు ఆకాశంలా ఉంది. ఒకటి కొత్త చెంచాలా వెండిగా ఉంది. ఒకటి మీగడ రంగు. కొన్ని నీలం, ఆ నీలం మీద గులాబీ మెరుపు. ఇంకొన్ని కూడా నీలమే, కానీ మెరుపు ఆకుపచ్చ. కొన్ని పూర్తి గుండ్రం కూడా కావు, ఒక పక్క నొక్కినట్టున్నాయి. అయినా వేళ్ళ మధ్య తిప్పితే లోపల ఎవరో దీపం పట్టుకుని అటూ ఇటూ నడుస్తున్నట్టుంటుంది. వాటిని చూశాక నా పళ్ళెంలో తెల్లవి చూస్తే నాకే చప్పగా అనిపించింది. వాటికి నోరుంటే అవి కూడా మూతి ముడుచుకునేవే.

నాకు ఒక్క నీలం కనిపించిన చోట మా కోడలికి నాలుగు నీలాలు కనిపిస్తాయి. "అత్తయ్యా, ఇది చల్లని నీలం, ఇది వెచ్చని నీలం" అంటుంది. ఇన్నేళ్ళ నుంచి ముత్యాలతో ఉన్నదాన్ని, నాకు తెలియని వెచ్చదనం నిన్నగాక మొన్న వచ్చిన పిల్లకి తెలుస్తుంటే కడుపులో ఎక్కడో కలుక్కుమంటుంది. బయటికి మాత్రం "మా కోడలి కళ్ళు బంగారం" అంటాను.

ఆ పనికి ఒక నియమం ఉంది. ముత్యం ఇరుగుపొరుగు లాంటిది, ఎదురుగా ఏముంటే అది తన ఇంట్లో పెట్టుకుంటుంది. ఎర్రజాకెట్టుతో దాని ముందు కూర్చుంటే అది ఎర్రబడుతుంది. అందుకే పనిగదిలో మేమంతా బూడిదరంగు కోట్లు తొడుక్కుంటాం. కిటికీ ఎదుట డాబా గోడకి ఏటేటా సున్నం వేయిస్తారు. ఆ గోడ ముందున్న తీగ మీద మధ్యాహ్నం దాకా తెల్లబట్టలు తప్ప ఆరెయ్యం. మా ఇంట్లో రంగుబట్టలకి పొద్దున ఎండ తగలదు.

రంగు చూసే పని పొద్దున వెలుగులోనే. వంటా వార్పూ ముగించుకుని నేను పనిగదిలోకి వెళ్ళేసరికి కోడలు ఆ రోజుకి జత చూడ్డం పూర్తిచేసి దారం ఎక్కిస్తూ ఉండేది. ఈ వారమంతా అలాగే గడిచింది. ఇంకో సంగతి కూడా ఈ వారమే. పిట్ట పొద్దున్నే లేచి తన గులాబీరంగు దుప్పటి ఉతకడం మొదలుపెట్టింది. రోజూ. నేను వంటింట్లోంచి బయటికొచ్చేసరికి అది తడితడిగా బకెట్లోనే ఉండేది. నాకు గుండె ఆగిపోయింది. ఇంత వయసొచ్చి పక్క తడుపుతోందా, కిడ్నీలు గానీ పాడయ్యాయా, ఎవరికి చెప్పుకోవాలి, ఏ డాక్టరుకి చూపించాలి అని నాలో నేనే కుమిలిపోయాను. అడిగితే చిన్నబుచ్చుకుంటుందని అడగలేదు.

ఇవాళ సరం పూర్తయింది. కిందకి తీసుకెళ్ళి మేడంకి ఇవ్వాలి. రంగు ముత్యాల సరం మా షాపులో ఇదే మొదటిది. షాపు ముందు అద్దాల పెట్టెలో పెట్టడానికి మేడం చోటు కూడా ఖాళీ చేయించింది. ఇది కుదిరితే కిటికీ కుర్చీ మా కోడలిది. కుదరకపోతే ఏమవుతుందో మేడం చెప్పలేదు. చెప్పనిదే నాకు ఎక్కువ భయం.

మెట్లు దిగుతున్నంతసేపూ కోడలి వెనకాలే దిగాను. "మెల్లిగా. కమ్మీ పట్టుకో. ఆ మెట్టు అరిగింది" అంటూనే ఉన్నాను. పిట్ట మా వెనకాల, చేతులు కట్టుకుని, పెళ్ళిచూపులకొచ్చిన అత్తగారిలా దిగింది.

మేడం అప్పుడే షట్టరు ఎత్తించింది. అద్దాల మీద ఇంకా తడి ఆరలేదు. సరం అందుకుని బల్ల మీద బూడిదరంగు గుడ్డ పరిచి దాని మీద పొడుగ్గా పెట్టింది. మేడంకి నచ్చితే తల ఆడుతుంది, నచ్చకపోతే కళ్ళజోడు ఊడుతుంది. నేను తల వైపే చూస్తున్నాను. కళ్ళజోడు ఊడింది.

సరం పట్టుకుని గుమ్మం దాకా వెళ్ళింది. వీధి వెలుగులో పైకెత్తింది.

"ఇదేమిటమ్మా?" అంటూ ఒక ముత్యం మీద వేలు పెట్టింది. "ఇదేమిటి? మళ్ళీ ఇదేమిటి?"

నాకు కూడా కనిపించింది. గులాబీ మెరుపు నీలాల వరసలో అక్కడక్కడా ఆకుపచ్చ మెరుపువి కూర్చున్నాయి. పళ్ళ సందున ఇరుక్కున్న ఆకుకూరలా, చూడకూడదనుకున్నా చూపు వాటి మీదికే పోతోంది.

కోడలు తలొంచుకుని నిలబడింది.

"తెల్ల సరం అయితే ఎవరైనా గుచ్చుతారు" అంది మేడం. గొంతు పెంచలేదు, పెంచితేనే బాగుండేది. "అన్నిటినీ ఒకే మందులో ముంచాక జత కుదరకేం చేస్తుంది? వీటికి ఆ సుఖం లేదు. చిప్ప ఇచ్చిన రంగు మీద మన చెయ్యి పడకూడదు, వీటి అందమే అది. మనం చెయ్యగలిగింది ఒక్కటే, ఏది దేని పక్కన కూర్చుంటే రెండూ వెలుగుతాయో చూడ్డం. నీకు ఆ చూపు ఉందనే కదా కుర్చీ ఇచ్చాను."

"అవునండి" అంది కోడలు, వినిపించీ వినిపించనట్టు.

"కిటికీ దగ్గరే చూశావా?"

"అక్కడేనండి."

"పొద్దున వెలుగులోనేనా?"

"పొద్దున వెలుగులోనేనండి."

మేడం సరాన్ని మళ్ళీ ఎత్తి చూసింది. ఏదో తట్టినట్టు నా వైపు తిరిగింది. "మీరు చెప్పండి. డాబా మీద ఉండేది మీరే కదా. ఈ వారం ఆ తీగ మీద రంగుబట్ట ఏమైనా పడిందా? గులాబీలాంటిది? గులాబీ వెలుగు పడితే ఈ ఆకుపచ్చ అణిగిపోతుంది, అన్నీ ఒకే నీలంలా కనిపిస్తాయి."

బకెట్లో తడి దుప్పటి నా కళ్ళ ముందుకొచ్చింది.

అది ఎందుకు రోజూ తడిగా ఉందో అప్పుడు తెలిసింది. ఆరేశారు. ఆరకముందే తీసేశారు. కోడలు కిటికీ దగ్గర, పళ్ళెంలోంచి తల ఎత్తకుండా కూర్చున్నంతసేపూ అది తీగ మీద ఉంది, నేను వంటింట్లోంచి బయటికొచ్చేలోపు బకెట్లోకి వచ్చేసింది. నా కూతురి కిడ్నీలకేమీ కాలేదు. దేవుడా, కిడ్నీలే పాడైనా బాగుండేదేమో, మందులుంటాయి.

పిట్ట వైపు చూశాను. అది అద్దాల పెట్టెలో కమ్మలని చూస్తోంది. రోజూ చూసే కమ్మలే. వాటిలో అంత చూడాల్సిందేముందో.

"లేదండీ" అన్నాను. "అలాంటిదేమీ లేదు. మా ఇంట్లో అందరికీ తెలుసు కదండీ నియమం."

నా నోరు నన్నడక్కుండానే అనేసింది. కోడలు తల ఎత్తి నా వైపు ఒక్క చూపు చూసింది. మళ్ళీ దించేసింది.

"అయితే చూపే తప్పింది" అంది మేడం. సరం కోడలి చేతిలో పెట్టింది. "ముళ్ళన్నీ కోసి ముత్యాలు విడిగా నాకు తెచ్చివ్వు, కాసేపట్లో కావాలి. రేపట్నుంచి కిటికీ దగ్గర పిట్ట కూర్చుంటుంది. నువ్వు పనిగదిలోకి రానక్కర్లేదు. కింద అద్దాలు తుడిచే మనిషి మానేస్తానంటోంది, ఆ పని చూసుకో."

అద్దాలు తుడవడం. చల్లని నీలం, వెచ్చని నీలం చూసే కళ్ళకి గుడ్డముక్కా, నీళ్ళసీసా.

కోడలు సరాన్ని రెండు చేతుల్లో పట్టుకుని మెట్లెక్కింది. ఈసారి కమ్మీ పట్టుకోమని చెప్పడానికి నాకు నోరు రాలేదు.

పిట్టని రెక్క పట్టుకుని వంటింట్లోకి లాక్కెళ్ళాను. తలుపు గడియ పెట్టి, గ్యాసు కట్టేసి ఉందో లేదో చూసి, అప్పుడు అడిగాను.

"ఆ దుప్పటి ఎందుకే రోజూ ఉతికావు?"

"మురికి పట్టింది."

"రోజూ పడుతుందా మురికి? బొగ్గుల్లో పడుకుంటున్నావా?"

"ఉతికితే తప్పు, ఉతక్కపోతే తప్పు. ఈ ఇంట్లో నేను ఊపిరి తీసుకున్నా తప్పే."

"పిట్టా! నా కళ్ళలోకి చూసి చెప్పు. తీగ మీద ఆరేశావా లేదా?"

గట్టు మీద గిన్నె తీసుకుని బోర్లించింది. మళ్ళీ వెల్లకిలా పెట్టింది. మళ్ళీ బోర్లించింది.

"ఆరేశాను" అంది. "అయితే ఏంటి?"

బియ్యం డబ్బా మీద కూర్చుండిపోయాను. "నీకు పిచ్చి పట్టిందా? అది నీ అన్న పెళ్ళామే! రేపు మీ అన్నకి తెలిస్తే ఏమవుతుంది? వాడు ఆ కోపంలో బస్సు నడుపుతాడు. దేనికి గుద్దుతాడో ఏమో. మేడంకి తెలిస్తే మనందరినీ సామాన్లతో సహా వీధిలోకి తోస్తుంది. వర్షాకాలం కూడా వస్తోంది."

"నీకు అన్నయ్య బస్సు కనిపిస్తుంది, వర్షాకాలం కనిపిస్తుంది. నేను కనిపించను" అంది పిట్ట. "ఆ స్టూలు మీద ఎన్నాళ్ళు కూర్చున్నానమ్మా? పెద్దావిడకి దగ్గుమందు పోశాను, కళ్ళజోడు తుడిచాను, కాళ్ళు కూడా పట్టాను. నాకు చూపించు, నేర్పించు అని బతిమాలాను. వదిన వచ్చింది, కూర్చుంది. అంతే. ఒక్క రోజు స్టూలు మీద కూర్చోలేదు."

"దానికి చూపుంది కదే..."

"చూశావా? మళ్ళీ! దానికి చూపుంది. దానికి చెయ్యుంది. అన్నయ్య ఇంటికొచ్చి గుమ్మంలోంచే వదిన ఏదీ అంటాడు, ఒకప్పుడు పిట్టేదీ అనేవాడు. నాన్నకి టీ నేనిస్తే కప్పు పక్కన పెట్టేస్తారు, వదిన ఇస్తే కప్పు కింద దాకా తాగి బాగుందమ్మా అంటారు. ఆఖరికి నువ్వు! మొన్న పక్కింటావిడతో ఏమన్నావ్? మా కోడలి కళ్ళు బంగారం అన్నావ్. నా కళ్ళేంటి, ఇత్తడా?"

"మాట వరసకి అన్నానే."

"నా గురించి మాట వరసకైనా ఎప్పుడన్నావ్?"

అలాంటి మాట కోసం వెతికాను. దగ్గులు, జ్వరాలు, చదువు, పెళ్ళి, దీని గురించి నేను పడ్డ భయాలన్నీ గుర్తొచ్చాయి గానీ, నలుగురిలో దీన్ని మెచ్చుకున్న మాట ఒక్కటి కూడా చేతికి తగల్లేదు. మెచ్చుకుంటే దిష్టి తగులుతుందేమోనని ఊరుకునేదాన్ని. అది చెబితే నమ్ముతుందా?

"పద. కిందకెళ్ళి మేడంకి చెప్పేద్దాం. తెలీక ఆరేసిందని చెబుతాను. చిన్నపిల్ల, నియమం మర్చిపోయిందని..."

"ఎవరు మర్చిపోయింది? ఈ నియమం నాకు నడక రాకముందే తెలుసు" అంది. కళ్ళు తుడుచుకుంది. "అయినా నన్నెందుకు పంపిస్తావు? మేడం అడిగింది నిన్ను. లేదన్నది నువ్వు. నేనక్కడ నోరు విప్పలేదు. నువ్వు అవునంటే నేను ఒప్పుకునేదాన్నే. నిలబడి ఎదురు చూశాను కూడా."

"నిన్ను కాపాడదామనే కదే..."

"అయితే కాపాడావు. ఇప్పుడు మళ్ళీ ఎందుకు తిడతావు?"

గడియ తీసి డాబా మీదికి వెళ్ళిపోయింది. తీగ ఖాళీగా ఉంది. గోడ మీద ఎండ తెల్లగా, ఏ పాపమూ ఎరగనట్టు పడుతోంది.

నేను లేచి పనిగదిలోకి నడిచాను. ఏం చెప్పాలో తెలీదు. ఏదో ఒకటి చెప్పాలి. పాపం ఏడుస్తూ ఉంటుంది, ఏడుస్తూ కత్తెర పట్టుకుంటే వేలు కోసుకుంటుంది, ఆ కత్తెరకి తుప్పు పట్టి ఉంటే ఇక చెప్పనే అక్కర్లేదు.

కోడలు ఏడవడం లేదు. కిటికీ దగ్గర, తనది కాకుండా పోయిన ఆ కుర్చీలోనే కూర్చుని, ముత్యానికీ ముత్యానికీ మధ్య వేసిన ముడిని చిన్న కత్తెరతో కోస్తోంది. ముడి తెగినప్పుడల్లా ఒక ముత్యం పళ్ళెంలో టక్కున పడుతోంది. ఒక్కో ముడి వెయ్యడానికి సూదిమొన మీద ప్రాణం పెట్టింది. కొయ్యడానికి చిటికె కూడా పట్టడం లేదు.

"పోనీలేమ్మా" అన్నాను, పక్కన స్టూలు మీద కూర్చుని. పిట్ట స్టూలు అది. "చెయ్యి తప్పడం ఎవరికైనా ఉంటుంది. మేడం కోపం ఎంతసేపు? నాలుగు రోజులు పోనిచ్చి నేను మాట్లాడతాను. అద్దాలు తుడవడం మాత్రం తక్కువ పనా? నీడపట్టున ఉంటావు. కళ్ళకి శ్రమ లేదు."

చెబుతుంటే నాకే సిగ్గేసింది.

ఊరికే కూర్చోలేక బల్ల మీద చెదిరినవి సర్దడం మొదలుపెట్టాను. మైనం ముద్ద డబ్బాలో వేశాను. దారపు తునకలు పోగుచేశాను. బల్ల చివర ఒక చిన్న గిన్నె ఉంది, దాని మీద బూడిదరంగు గుడ్డముక్క కప్పి ఉంది. మిగిలిన ముత్యాలేమో, అన్నీ కలిపి మేడంకి ఇచ్చెయ్యొచ్చని గుడ్డ తీశాను.

లోపల నీలం ముత్యాలున్నాయి. కొన్నే. కలగాపులగంగా లేవు. గిన్నె అంచు వెంట ఒకదాని పక్కన ఒకటి, లేత నుంచి ముదురుకి, వరసగా పేర్చి ఉన్నాయి. అన్నిటి మీదా గులాబీ మెరుపు. ఒక్కటి కూడా ఆకుపచ్చ లేదు.

నా కళ్ళు బంగారం కాదు. కానీ ఆ పని నేనూ ఎన్నో ఏళ్ళుగా చూస్తున్నాను. గిన్నెలోంచి ఒకటి తీసి, కోడలి చేతిలో ఇంకా కొయ్యకుండా మిగిలిన సరం ముక్క పక్కన పెట్టాను. ఆకుపచ్చది కూర్చున్న చోట దీన్ని పెట్టి చూశాను. ఇటున్న నీలం, అటున్న నీలం, రెండూ ఒక్కసారి వెలిగాయి. తప్పిపోయిన పిల్ల ఇంటికొచ్చినట్టు.

రెండోది తీసి రెండో ఆకుపచ్చది ఉన్న చోట పెట్టాను. అదీ అంతే.

పొరపాటున మిగిలినవి కావు అవి. ఏ చోట ఏది ఉండాలో తెలిసి, అది తీసి దాచి, దాని చోట కావాలనే ఇంకోటి గుచ్చిన మనిషి పేర్చిన వరస అది. గులాబీ వెలుగు కోడలి కళ్ళని మోసం చెయ్యలేదు. దుప్పటి తీగ మీద ఊగుతుంటే, మోసపోయినట్టు కూర్చుని, తప్పు సరాన్ని ముడి మీద ముడి వేసుకుంటూ పూర్తిచేసింది.

నా చేతిలో ముత్యం జారి బల్ల మీద పడింది. కోడలు వేలితో దాన్ని ఆపింది.

"నీకు తెలుసా?" అన్నాను. "ముందే తెలుసా నీకు?"

టక్. ఇంకో ముత్యం పళ్ళెంలో పడింది.

"చెప్పవే. తెలిసి ఎందుకు గుచ్చావు? తెలిసీ కింద మేడం ముందు ఎందుకు నోరు మూసుకున్నావు? ఒక్క మాట అంటే అయిపోయేది కదా, దుప్పటి ఉందండీ అని. కుర్చీ నీదే అయ్యేది. నీ పని నువ్వే ఎందుకు పాడుచేసుకున్నావు?"

కోడలు కత్తెర పక్కన పెట్టింది. చేతులు ఒళ్ళో పెట్టుకుంది. కిటికీలోంచి ఎదురు గోడ వైపు చూస్తూ ఉండిపోయింది.

నాకు భయమేసింది. ఇన్నాళ్ళూ పడ్డ భయాలు వేరు. బండి కింద పడతారని, దారం తెగుతుందని, ఫ్యాను ఊడుతుందని. అవన్నీ పైనుంచో పక్కనుంచో వచ్చేవి. ఇది నా ఎదురుగా, మోకాళ్ళు తగిలేంత దగ్గరలో కూర్చుని ఉంది. రోజూ నా చేతి తిండి తిని, నాకు తలదువ్వి, అత్తయ్యా అని పిలిచే మనిషి. లోపల ఏముందో నాకు తెలీదు. ఈ పిల్ల కూడా మనిషే, దీని కడుపులో కూడా మంట ఉండొచ్చని నాకు ఒక్కనాడూ తోచలేదు.

గుమ్మం దగ్గర అలికిడైంది. పిట్ట. ఎప్పుడొచ్చిందో, తలుపుచెక్కకి ఆనుకుని నిలబడి గిన్నె వైపు చూస్తోంది. దాని మొహంలో రక్తం లేదు. నాకంటే దానికి రంగులు బాగా తెలుసు, నేను చెప్పాల్సిన పని లేకుండానే అర్థమైపోయింది.

"వదినా" అంది. వెటకారం లేని ఆ పిలుపు నేను వినడం చాలా రోజుల తర్వాత ఇదే.

కోడలు దాని వైపు తిరగలేదు.

కింద నుంచి మేడం గొంతు వినిపించింది. "అయిందా అమ్మా? ముత్యాలు తెస్తున్నారా, నన్నే రమ్మంటారా?"

కింద షాపులో ఎవరో కుర్చీ జరిపారు. మెట్ల మీద చెప్పుల చప్పుడు మొదలైంది. ఒక మెట్టు, ఇంకో మెట్టు, మేడంకి మోకాళ్ళ నొప్పులు, మెల్లిగా ఎక్కుతుంది. కోడలు గిన్నెలో నీలాలని మళ్ళీ ఒక్కొక్కటీ వేలితో తాకింది, అన్నీ ఉన్నాయో లేదో చూసుకున్నట్టు. గిన్నె ఎత్తి తన ఒళ్ళో పెట్టుకుంది. చెప్పుల చప్పుడు మలుపు దగ్గర ఆగింది, ఆయాసం తీర్చుకోవడానికి.

అప్పుడు నోరు విప్పింది.

"మొదటి రోజే తెలుసత్తయ్యా. పిట్ట దుప్పటి ఆరేస్తుంటే చూశాను. అప్పుడే అందరికీ చెప్పుండొచ్చు, చెబితే నేను గెలిచేదాన్ని. కానీ ఈ ఇంట్లో నాకూ పిట్టకీ మధ్య ఎవరైనా మిమ్మల్ని నిలబెట్టి అడిగితే మీరేమంటారో, అది ఒక్కసారి నా చెవులతో వినాలనిపించింది. బకెట్లో దుప్పటి మీరూ చూస్తున్నారు, సరం తప్పితే మేడం మిమ్మల్నే అడుగుతుందని తెలుసు. అడిగింది."

గిన్నె మీద గుడ్డ కప్పింది. మళ్ళీ, చాలా మెల్లిగా, నా కళ్ళలోకి చూస్తూ అంది.

"విన్నాను."